పిల్లల బ్యాడ్మింటన్: స్కోరు కన్నా ముందు సర్వీసుల లెక్క

మ్యాచ్ అయ్యాక "గెలిచావా?" అని అడిగితే పిల్లలు ఫలితమే చెబుతారు. పడ్డ కష్టం గురించి చెప్పాలంటే వాళ్ల చేతిలో వేరే లెక్క ఉండాలి. దానికి సర్వీసంత వీలైనది లేదు. ఎదురుగా ఆడేవాళ్లు అక్కర్లేదు, ఓడిపోవడమూ ఉండదు.

సర్వీసు కనీసం దాటాల్సిన గీత, అంటే షార్ట్ సర్వీస్ లైన్, నెట్ నుంచి 1.98 మీటర్ల దూరంలో ఉంటుంది. అవతలి కోర్టులో ఆ గీత దాటగానే, సెంటర్ లైన్ పక్కన ఒక టవల్ మడిచి పరవండి. రోజుకి 20 బ్యాక్‌హ్యాండ్ సర్వీసులు చాలు. ఎన్ని టవల్ మీద పడ్డాయో నోట్‌బుక్‌లో పిల్లలే రాయాలి, పెద్దలు రాస్తే అది మళ్లీ ఇంకో మార్కుల కార్డు అయిపోతుంది. ఆటకి పనికిరాని పాత షటిళ్లతో కానివ్వచ్చు. ఈకలు విరిగినవి మాత్రం వద్దు, గాల్లో వంకర పోయి లెక్క చెడగొడతాయి.

కొన్నాళ్లకి అంకె ఒకచోట ఆగిపోతుంది. అప్పుడు చాలా ఇళ్లలో 20ని 50 చేసేస్తారు. దానివల్ల తప్పే బాగా అలవాటవుతుంది. గ్రిప్ బిగపట్టారా? షటిల్‌ని కిందికి వదలాల్సింది పైకి ఎగరేస్తున్నారా? బొటనవేలితో నెట్టాల్సింది చెయ్యంతా ఊపుతున్నారా? వారానికి ఒక్కటే మార్చండి. ఏం మార్చారో అంకె పక్కన రాయించండి.

మెచ్చుకోలు కూడా ఇలాగే ఉండాలి. మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కెరల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, "తెలివైనవాళ్లు" అని పొగిడించుకున్న పిల్లలు సులువైన పనుల వైపు మొగ్గారు. కష్టపడ్డారని విన్నవాళ్లలో ఎక్కువమంది నేర్చుకోడానికి వీలున్నవి ఎంచుకున్నారు. ఊరికే "సూపర్‌గా ఆడావు" అంటే ఏది బాగుందో తెలియదు. షాడో ఫుట్‌వర్క్ (షటిల్ లేకుండా కోర్టులో అడుగులు వేయడం) 20 సెకన్లు, విశ్రాంతి 40 సెకన్లు చొప్పున ఆరు రౌండ్లు చేయిస్తే, చివరి రెండింటిలో కాళ్లు బరువెక్కి కోర్టు మధ్యకి తిరిగి రావడం మానేస్తారు. ఆ రెండింట్లోనూ మధ్యకి వచ్చారా? అదే పేరుపెట్టి చెప్పండి.

అండర్-11లో ఏడాది వయసు తేడా అంటే జానెడు పొడుగు తేడా కావచ్చు. పొడుగుపిల్ల కొట్టే స్మాష్ చూసి మన పిల్ల భవిష్యత్తు తేల్చేయడం తొందరపాటే. సింధు 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ రెండూ ఓడిపోయింది. 2019 ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహరను 21-7, 21-7తో ఓడించింది. 2017లో తనని ఓడించిందీ ఆ ఒకుహరే.

ఓడిన రోజు బండి మీద ఇంటికొస్తూ మ్యాచ్ ఊసెత్తకండి. మర్నాడు నోట్‌బుక్ తెరిచాక మాట్లాడుకోవచ్చు. మెడల్‌కి ఇంత అని డబ్బు ఆశపెడితే మాత్రం పిల్లలు తేలికైన టోర్నమెంట్లు వెతుక్కుంటారు.

వారంలో ఆడే గంటలు పిల్లల వయసు అంకె దాటకుండా చూసుకోండి, కనీసం ఒక రోజు పూర్తి సెలవివ్వండి. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి తరచుగా వస్తుంటుంది. ఓర్చుకోమనకుండా గెంతే డ్రిల్స్ ఆపి డాక్టర్‌కి చూపించండి. సర్వీసులు నిలబడే చేస్తారు కాబట్టి, డాక్టర్ సరేనంటే అవి కొనసాగించవచ్చు.