చెవి కారితే ఎవరూ చచ్చిపోరా?

ఎడమ చెవి కారడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. చుక్కల మందు వేస్తే ఆగేది, జలుబు చేస్తే మళ్లీ మొదలయ్యేది. నిరుడు చీముతో పాటు దుర్వాసన కూడా రావడంతో మా ఊరి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెవిలోకి టార్చి కూడా సరిగ్గా వేయలేదు. "చెవి కారితే ఎవరూ చచ్చిపోరమ్మా" అని అవే చుక్కలు రాసిచ్చారు. ఆ మాటను ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.

తర్వాత కొద్ది రోజులకే, ఒక రాత్రి అన్నం తిని నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి జారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకు లాగేసి ఉంది. కళ్లు మూసుకోమన్నారు మావారు. ఎడమ రెప్ప దిగలేదు. అందరం పక్షవాతమే అనుకున్నాం. అత్తయ్య దేవుడి ముందు దీపం పెట్టి కూర్చున్నారు. తెరుచుకునే ఉన్న ఆ కన్ను ఎండిపోకుండా మావారు తెల్లవార్లూ తడిగుడ్డ అద్దుతూ, చెయ్యి ఎత్తు, కాలు కదుపు అని నన్ను అడుగుతూనే ఉన్నారు. అన్నీ కదులుతున్నాయి, ముఖం తప్ప.

తొలి బస్సుకు పట్నం వెళ్లాం. అక్కడి చెవి డాక్టరమ్మ స్కాన్ తీయించి ఓపిగ్గా చెప్పారు. కర్ణభేరి దగ్గరి చర్మం లోపలికి పెరిగి గడ్డ కట్టిందట. పేరు కొలెస్టియాటోమా. క్యాన్సర్ కాదు గానీ ఎముకను తినేస్తుంది. బడిలో చదువుకున్న మధ్య చెవి బుల్లి ఎముకలు కూటకం, దాగలి, అంకవన్నెల్లో దాగలి దాదాపు మిగల్లేదు. ముఖాన్ని కదిలించే నరం మధ్య చెవి పక్కనే పలచని ఎముక గొట్టంలో పోతుందట, ఆ గొట్టమూ అరిగిపోయింది. మధ్య చెవి పైకప్పు పలచటి ఎముకే, దాని పైన మెదడు. చీము అక్కడికి చేరితే ప్రాణాలే పోతాయన్నప్పుడు మా ఊరి డాక్టరు మాట గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

వెంటనే ఆపరేషన్ చేశారు. చెవి వెనక కోసి, ఎముక తొలిచి, గడ్డ తీశారు. తర్వాత చాలాకాలం చారు తాగినా ఇనుము రుచే. నాలుక నుంచి రుచి తెలిపే సన్నని నరం కూడా చెవిలోంచే పోతుందట. మొదట రెప్ప దిగింది, తర్వాత నెమ్మదిగా మూతి సరిపడింది. ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి. అన్నవరంలో వ్రతం చేయించుకున్నాం.

పిల్లల చెవి కారుతుంటే నూనె పోయకండి తల్లులారా. దుర్వాసన వస్తే చెవి డాక్టరుకే చూపించండి.

కాస్త కోలుకున్నాక నా స్కాన్ తీసుకెళ్లి మా ఊరి డాక్టరు బల్ల మీద పెట్టాను. "ఇంత దూరం వస్తుందనుకోలేదు" అన్నారు. ఇకపై చెవి కారుతూ వచ్చిన వాళ్లను పట్నం పంపమని చెప్పాను. సరేనన్నారు.