మా అమ్మాయి ఆడిషన్ పాటలు

మ్యూజికల్ థియేటర్‌లో డిగ్రీ అంటే ఏమిటో మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ అర్థం కాలేదు. "నాటకాల్లో పాడుతూ, ఆడుతూ నటించడం నేర్పే చదువు" అని చెప్పి ఊరుకుంటున్నాను. అమెరికాలో దీన్ని బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటారు. మిషిగన్, కార్నెగీ మెలన్, సిన్సినాటి లాంటి పేరున్న చోట్ల ఏటా తీసుకునేది ఇరవై మందికి అటూ ఇటూగా. మార్కులు ఎన్ని ఉన్నా ఆడిషన్ తప్పదు. దానికి ముందు ప్రీస్క్రీన్ అని వీడియోలు పంపాలి, అవి నచ్చితేనే ఎదురుగా పాడనిస్తారు. డాన్సుదీ, ఒక్కరే నటిస్తూ డైలాగ్ చెప్పే మోనోలాగ్‌దీ వేరే గోల. మేం తలలు బద్దలు కొట్టుకున్నది పాటల దగ్గరే కాబట్టి అదే రాస్తాను.

మా అమ్మాయి అప్లై చేసిన కాలేజీలు చాలావరకు రెండు పాటలు అడిగాయి. ఒకటి 1970కి ముందు వచ్చిన మ్యూజికల్‌లోది, ఇంకోటి ఆ తర్వాతది. రెండింటికీ పోలిక ఉండకూడదు. ఒక్కోటి నిమిషం, మహా అయితే నిమిషంన్నర.

ఈ మాట బయటికి పొక్కగానే న్యూజెర్సీలో మాకు తెలిసినవాళ్ళందరూ సలహాదారులైపోయారు. రెహమాన్ సంగీతం ఇచ్చిన 'బాంబే డ్రీమ్స్' 2004లో బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్లకి, వచ్చింది కదా, అందులోది పాడిస్తే మన పిల్ల ప్రత్యేకంగా కనబడుతుందన్నారు. నాకూ సబబుగానే అనిపించింది. మా అమ్మాయి మాత్రం ససేమిరా అంది. "నన్ను చూడగానే ఇండియన్ అని తెలుస్తుంది కదమ్మా. తెలిసిన సంగతే మళ్ళీ పాడి చెప్పడం ఎందుకు?" దానికి నా దగ్గర జవాబు లేదు. 'వికెడ్' అనే మ్యూజికల్ పాటలు కూడా వద్దన్నారు తనకి పాట నేర్పే వోకల్ కోచ్. అవి బాగుండక కాదు. గొంతు చించుకుని పాడే ఆ పాటల్ని ప్యానెల్ వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వింటూనే ఉంటారట. విన్నంతసేపూ వాళ్ళ చెవుల్లో అసలు నటి గొంతే మోగుతుంటుంది, మన పిల్ల గొంతు ఎక్కడ వినబడుతుంది?

చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంది కాబట్టి శ్రుతికీ ఊపిరికీ లోటు లేదు. చిక్కల్లా గమకాలతోనే. నిలిపి పాడాల్సిన నోటు దానంతటదే ఊగుతుంది, పై స్వరానికి జారుగా వెళ్తుంది. కోచ్ ఆ నోటు ఒక్కటే పియానో మీద నొక్కిపట్టి, అది ఆగేదాకా కదలకుండా పాడించేవారు. ఇది సాధనతో పోయేదే. అలవాటు పడటానికి ఎక్కువ కాలం పట్టింది ఇంకొకదానికి. కచేరీలో అయితే రాగం విప్పి చూపించాలి. ఇక్కడ కోచ్ మొదట అడిగేది గొంతు సంగతి కాదు. ఈ పాట పాడుతున్నది ఎవరు, ఎవరితో చెప్తోంది, ఇప్పుడే ఎందుకు చెప్తోంది అని. ఆ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పలేని పాటని ఎంత బాగా పాడినా పక్కన పెట్టించారు.

అలా వడపోస్తే పాత పాటల్లో నిలిచింది 1945 నాటి 'కరోసెల్'లోది. అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రపు సముద్ర తీరంలో జరిగే కథ. క్యారీ అనే మిల్లు పిల్ల, తను చేసుకోబోయే మిస్టర్ స్నో గురించి స్నేహితురాలికి చెప్తుంది. అతను చేపలు పట్టేవాడు. మొదట్లో ఆ బట్టల కంపుకి కళ్ళు తిరిగాయట, ప్రేమలో పడ్డాక చేపల వాసనే అత్తరైపోయిందట. మాది నరసాపురం. వీడియో కాల్‌లో మా అమ్మకి అర్థం చెప్తే పగలబడి నవ్వి, "పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న ఊళ్ళో పుట్టినదాని మనవరాలికి ఈ పాట కాక ఇంకేం పాట?" అంది. ఆ తర్వాత మా అమ్మాయి ఆ వరస పాడినప్పుడల్లా మొహంలో ఏదో కొంటెతనం వచ్చేది. అంతకుముందు ఎంత నేర్పినా రాలేదు అది.

రెండోది 2005లో బ్రాడ్‌వేకి వచ్చిన, స్పెల్లింగ్ బీ (పిల్లలకి ఇంగ్లీషు మాటల స్పెల్లింగ్ పోటీ) మీద తీసిన మ్యూజికల్‌లోది. ఆలివ్ అనే ఒంటరి పిల్ల, డిక్షనరీయే తన నేస్తమని పాడుతుంది. స్పెల్లింగ్ బీ గురించి అమెరికాలోని తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చెప్పక్కర్లేదు. మా అమ్మాయి కూడా మాటలు రాసిన అట్టల కట్టలు బట్టీ పట్టిన బాపతే. కథలో ఆలివ్ వాళ్ళమ్మ ఇండియాలో ఆశ్రమంలో ఉంటుంది, తండ్రి కోసం పిల్ల సీటు ఆపి ఉంచుతుంది. "ఆడిషన్లు అయ్యేదాకా నువ్వు ఆశ్రమాల జోలికి వెళ్ళకు" అని నాకు ముందే చెప్పింది మా అమ్మాయి. ఒకటి ప్రేమలో తేలిపోతున్న పిల్ల, ఇంకోటి ఎవరూ లేని పిల్ల. అడిగిన తేడా దొరికింది.

పాట దొరికితే సరిపోదు, కోయాలి. పల్లవి, అనుపల్లవి, చరణం వరుసగా వినే నాకు మధ్యలోంచి మొదలుపెట్టడం మొదట మింగుడుపడలేదు. కొన్ని చోట్ల 32 బార్లు, కొన్ని చోట్ల 16 బార్లే అంటారు. బారంటే మన తాళంలో ఆవర్తం లాంటిది. బారుకి నాలుగు బీట్లయితే 16 బార్లకి 64 బీట్లు. నిమిషానికి 60 బీట్ల నెమ్మది పాటకి అది నిమిషం పైచిలుకు, 120 బీట్ల పాటకి అర నిమిషమే. కాబట్టి బార్లతో పాటు గడియారం కూడా చూసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడ ఆ పిల్ల మనసులో ఏదో ఒకటి కదలాలి, ఆఖరుకి మారాలి. పెద్ద నోటు ఉంది కదా అని దాని కోసమే కోస్తే పాట తల తెగిపోయినట్టే.

ఎదురుగా పాడేటప్పుడు పియానో వాయించేవారు కాలేజీ వాళ్ళే, ముందు రిహార్సల్ ఉండదు. అందుకే సొండ్‌హైమ్ లాంటి మ్యూజికల్ స్వరకర్తల చిక్కు వాద్యపు పాటలు తనకి ఎంత ఇష్టమైనా మానుకుంది. పియానోకి స్వరాలు రాసిన కాగితాలు రెండువైపులా వచ్చేలా బైండర్‌లో పెట్టి, మొదలు, చివర, మధ్యలో వదిలేసి దాటే చోట్లు మార్కర్‌తో గుర్తులు పెట్టింది. వేగం చెప్పడానికి చిటికెలు వేయకూడదట, పియానో ఆయనకి అది అవమానంగా ఉంటుంది. దగ్గరికి వెళ్ళి పలకరించి, ఓ రెండు లైన్లు మెల్లగా పాడి వినిపించాలి. మావారిని ఇంట్లో కీబోర్డు దగ్గర కూర్చోబెట్టి అదే ప్రాక్టీసు చేసింది. ఆయనకి ఒక్క కీ కూడా రాదు.

జనవరి చివర్లో న్యూయార్క్ యూనిఫైడ్స్‌కి వెళ్ళాం. ఒకే ఊళ్ళో చాలా కాలేజీలు ఒకేసారి ఆడిషన్లు పెట్టే ఏర్పాటు అది. షికాగోలోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ కూడా ఉంటాయి. కారిడార్ నిండా పిల్లలు, తలుపుల వెనక నుంచి ఒకేసారి నాలుగైదు పాటలు. టెన్షన్ అంతా నాదే. ఒక గదిలో తన రెండు పాటలూ విని, బైండర్‌లో ఇంకేం ఉన్నాయని అడిగారట. తీసెయ్యమని నేను పోరుపెట్టిన అల్లరి పాటొకటి ఉంది, అదే అడిగి పాడించుకున్నారు. ఆ కాలేజీ నుంచి సీటొచ్చింది. మిగతావాటిలో కొన్ని వెయిట్‌లిస్టులు, కొన్ని 'నో'లు. ఏప్రిల్‌లో అక్కడికే సరే అనేశాం. ఫీజు సంగతి మాత్రం మావారిని అడగండి.