నా ట్రాక్‌కి కిక్ కుదిరిన తీరు

శాంపిల్ ప్యాక్ (రెడీమేడ్ శబ్దాల కట్ట) తెరిచి, నచ్చిన కిక్ (పాటకి లయ పట్టే లోతైన డ్రమ్ము దెబ్బ) లాగి టైమ్‌లైన్ మీద పెట్టుకోవడం అందరూ చేసేదే, నేనూ చేస్తాను. మంచిది దొరికితే సగం రోజు మిగులుతుంది. కానీ ఈసారి చేస్తున్న హౌస్ (ఒక రకం డ్యాన్స్ సంగీతం) ట్రాక్‌కి మూలం డప్పు రికార్డింగు. దాని పక్కన ఏ రెడీమేడ్ కిక్ పెట్టినా రెండు పాటలు ఒకేసారి మోగుతున్నట్టుండేది. అందుకే కిక్‌ని మొదటినుంచీ నేనే కట్టుకుందామని కూర్చున్నాను. ట్రాక్ వేగం 126 బీపీఎం (నిమిషానికి 126 బీట్లు), శ్రుతి జీ మైనర్. తర్వాతి నిర్ణయాల్లో చాలావరకు ఈ రెండింటి నుంచే పుట్టాయి.

ముందు పాత డ్రమ్ మెషీన్లు ఎలా పనిచేసేవో చదివాను. రోలాండ్ కంపెనీ టీఆర్-808ని 1980లో, టీఆర్-909ని 1983లో తెచ్చింది. అమ్మకాల్లో రెండూ పెద్దగా ఆడలేదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకబట్టే షికాగో, డెట్రాయిట్ కుర్రాళ్ల చేతుల్లో పడ్డాయి. హౌస్, టెక్నో అలా ఊపందుకున్నాయి. రెండింట్లోనూ కిక్ రికార్డు చేసిన శబ్దం కాదు, సర్క్యూట్ పుట్టించేది. 808లో చిన్న పల్స్ ఒకటి సర్క్యూట్‌ని తడుతుంది, అది కాసేపు తనంతట తాను మోగి మెల్లగా ఆగిపోతుంది. దాని తోక పొడుగ్గా సాగుతుంది. 909లో ఆసిలేటర్ (స్వరం పుట్టించే సర్క్యూట్) పిచ్ పైనుంచి కిందికి జారుతుంది, మొదట్లో టక్కుమనే క్లిక్ వేరేగా వచ్చి కలుస్తుంది. డప్పు పక్కన నిలబడాలంటే నాకు కావలసింది ఈ రెండో రకమే.

కట్టడం నిజానికి సులువు. ఒక సైన్ వేవ్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న నున్నటి తరంగం), దానికి ఒక పిచ్ ఎన్వలప్, ఒక వాల్యూమ్ ఎన్వలప్. ఎన్వలప్ అంటే కాలంతోపాటు ఆ విలువ ఎలా మారాలో చెప్పే గీత. 250 హెర్ట్జ్ దగ్గర మొదలై 49 హెర్ట్జ్‌కి జారేలా పెట్టాను. జీ స్వరం కింద ఆ 49 దగ్గరే పడుతుంది కాబట్టి ఆ అంకె. కిక్‌ని శ్రుతి చేయాలా వద్దా అని జనం గంటలకొద్దీ వాదించుకుంటారు. తోక పొట్టిగా ఉంటే చెవికి స్వరమే తెలియదు, హాయిగా వదిలేయొచ్చు. తోక పొడుగ్గా ఉండి, బేస్ (కింది స్వరాల వాద్యం) కూడా ఆ దరిదాపుల్లోనే వాయిస్తుంటే మాత్రం శ్రుతి కలపక తప్పదు. ఇంకో చిన్న పని ఉంది: ప్రతి దెబ్బకీ వేవ్ సున్నా దగ్గరే మొదలయ్యేలా ఫేజ్ రీసెట్ పెట్టాలి. లేకపోతే ఒక్కో దెబ్బ ఒక్కోలా వినిపిస్తుంది, కారణం మాత్రం ఎంత వెతికినా దొరకదు.

క్లిక్ కోసం డప్పునే వాడాను. డప్పు కొట్టేవాళ్ల చేతుల్లో రెండు పుల్లలుంటాయి: పొట్టిగా ఉండే సిర్ర, సన్నగా పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల. చిటికెన పుల్ల దెబ్బలో మొదటి 20 మిల్లీసెకన్లు కత్తిరించి, 1 కిలోహెర్ట్జ్ కిందున్నదంతా తీసేసి, కిక్ నెత్తిన పెట్టాను. మంట దగ్గర బాగా కాచిన డప్పు అది, చర్మం బిగువు ఆ చిన్న ముక్కలో కూడా తెలుస్తుంది. రెండు లేయర్లు కలిపినప్పుడు వేవ్‌ఫామ్‌ని బాగా జూమ్ చేసి చూసుకోవాలి. ఒకటి పైకి లేస్తున్నచోట రెండోది కిందికి దిగుతుంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒకదాని పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడటం, కొన్ని శాంపిల్స్ (రికార్డింగులో అతి చిన్న ముక్కలు) అటూ ఇటూ జరపడం, ఏది గట్టిగా వినిపిస్తే దాన్ని ఉంచుకోవడం. ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే పరికరం) తెరవకముందే ఇది అయిపోవాలి.

నా గదిలో బ్రహ్మాండంగా ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బారాత్‌లకి డీజే బాక్సులు కట్టే ఒక అన్న దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన గోడౌన్‌లో 18 అంగుళాల సబ్‌ల (లోతైన శబ్దాల స్పీకర్ల) మీద పెట్టి, కాసేపు విని ఆపేశాడు.

"తమ్మీ, బేస్ మస్తుంది. దెబ్బ లేదు."

"కిక్ ఇంకా పెంచాల్నా అన్నా?"

"పెంచితే బేసే పెరుగుతది. దెబ్బ ఎక్కడికెల్లి వస్తది?"

నిజమే. అక్కడ నిలబడితే కాళ్ల కింద నేల ఊగుతోంది గానీ ఛాతీకి ఏమీ తగలడం లేదు.

ఇంటికొచ్చి టేపు పెట్టి గది కొలిచాను. పొడవు 11 అడుగులు, అంటే 3.35 మీటర్లు. గాలిలో శబ్దవేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య ఒక శబ్దపు తరంగదైర్ఘ్యంలో సగం సరిగ్గా ఇమిడితే, ఆ తరంగం ఆ గదిలో నిలబడిపోతుంది. 343ని 6.7తో భాగిస్తే 51. నా కిక్ తోక 49! ఇలా నిలిచిన తరంగం గోడల దగ్గర హోరెత్తుతుంది, గది నడిమధ్యలో దాదాపు మాయమైపోతుంది. నా కుర్చీ ఉన్నది అక్కడే. దానికి రెట్టింపు, అంటే 102 దగ్గర లెక్క తిరగబడుతుంది, నడిమధ్యలో ఎక్కువ వినిపిస్తుంది. ఇక ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా 50 పెంచుతారు, 100 తగ్గిస్తారు. ఛాతీకి తగిలే దెబ్బ ఉండేది ఆ 100 చుట్టుపక్కలే మరి.

గోడలకి ఇంచు మందం ఫోమ్ అంటించడం ఇక్కడ పనికిరాదు. అది పై శబ్దాల ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, 50 హెర్ట్జ్‌ని తాకను కూడా తాకదు. మూలల్లో దట్టమైన రాక్‌వూల్ పేర్చాలి, అద్దె ఇంట్లో అంత చోటు లేదు. కుర్చీ జరపడానికి మాత్రం రూపాయి ఖర్చు లేదు. స్టూడియో కట్టేవాళ్లు ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో కూర్చుని చూడమంటారు. నా గదికి అది నాలుగడుగుల పైచిలుకు. అక్కడికి జరిగాక 50 కొంత తిరిగొచ్చింది, పూర్తిగా కాదు. మిగతాది హెడ్‌ఫోన్స్‌లో సరిచూసుకోవడం మొదలుపెట్టాను.

దెబ్బ వెనక్కి తేవడానికి ఈక్యూలో 100 పెంచితే పనైపోతుందనిపిస్తుంది. కొంతవరకు అవుతుంది కూడా. కానీ సైన్ వేవ్ కిక్‌లో ఏ క్షణంలోనైనా ప్రధానంగా ఉండేది ఒక్క ఫ్రీక్వెన్సీయే. అది 250 నుంచి 49కి జారుతూ 150 నుంచి 90 మధ్య ఎంతసేపు ఉందన్నదే అసలు ప్రశ్న. నా ఎన్వలప్ ఆ మెట్లని ఒక్క గంతులో దాటేస్తోంది. జారే సమయాన్ని 25 మిల్లీసెకన్ల నుంచి 55కి పెంచాను, వంపు కూడా మధ్యలో కాస్త నెమ్మదించేలా మార్చాను. ఈక్యూ ముట్టుకోకుండానే దెబ్బ వచ్చింది. మరీ పెంచితే 'బ్యూం' అని లేజర్ బొమ్మ తుపాకీ చప్పుడవుతుంది. 70 దాటాక నాకు ఆ చప్పుడే వినిపించింది.

తర్వాత పొడవు. 126 బీపీఎంలో ఒక బీట్ 476 మిల్లీసెకన్లు, అందులో సగం 238. నా బేస్ నోట్ ఆఫ్‌బీట్‌లో, అంటే సరిగ్గా 238 దగ్గర మొదలవుతుంది. కిక్ తోకేమో 350 దాకా సాగుతోంది. దాన్ని 220 దగ్గర ఆపేశాను. విడిగా వింటే కిక్ చిన్నబోయింది, ట్రాక్‌లో పెడితే పెద్దదైంది. సోలో బటన్ నొక్కి కిక్‌ని గంటలకొద్దీ చెక్కడం మీద నాకు అప్పటినుంచీ నమ్మకం లేదు. సైడ్‌చెయిన్ (కిక్ పడ్డప్పుడల్లా బేస్‌ని తగ్గించే పద్ధతి) అవసరం కూడా చాలావరకు తీరిపోయింది, బేస్ మీద రెండు మూడు డీబీ (డెసిబెల్) తగ్గేలా పెడితే సరిపోయింది. బేస్ అలా తగ్గుతూ లేస్తూ ఊగే పంపింగ్ శబ్దమే స్టైల్‌గా కావాలనుకునేవాళ్ల సంగతి వేరు.

హై-పాస్ ఫిల్టర్ (కింది శబ్దాల్ని కోసేసేది) గురించి ఒక మాట చెప్పాలి. కిక్ మీద 30 దగ్గర నిటారుగా కోసేస్తే కింద చెత్త పోయి హెడ్‌రూమ్ (ఇంకా పెంచుకోవడానికి చోటు) మిగులుతుందని అలవాటుగా చేస్తుంటారు. నిటారు ఫిల్టర్ ఫేజ్‌ని (తరంగం ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు దిగుతుందో ఆ వరుసని) మెలితిప్పుతుంది, దానివల్ల పీక్ (శబ్దం చేరే గరిష్ఠ స్థాయి) ఒక్కోసారి తగ్గకపోగా పెరుగుతుంది. మీటర్ చూసుకుని నేను తీసేశాను. నేను కట్టిన సైన్ వేవ్‌లో 30 కింద పెద్దగా ఏముంటుంది కనక?

ఫోన్ సంగతి వేరే తలనొప్పి. ఫోన్ స్పీకర్‌లో 49 హెర్ట్జ్ అసలు రాదు. శాచురేషన్ (తరంగం ఆకారాన్ని కాస్త వంచడం) కొద్దిగా వేస్తే 98, 147, 196 దగ్గర హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్లుగా ఉండే స్వరాలు) పుడతాయి. పై హార్మోనిక్స్ వినపడితే, అసలు స్వరం లేకపోయినా మెదడు దాన్ని ఊహించుకుంటుంది. కిక్‌ని రెండు చానళ్లుగా కాపీ చేసి, ఒకదానికి మాత్రమే ఆ శాచురేషన్ ఇచ్చి, 120 కింద తీసేసి, అసలు దానికింద కలిపాను. ఫేజ్ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. కింద భాగమంతా మోనోలోనే ఉంచాను, చాలాచోట్ల సబ్‌లు నడిచేది మోనోలోనే.

పని జరిగేది రాత్రిపూట, కింద ఓనర్ వాళ్లు ఉంటారు, వాల్యూమ్ పెంచలేం. తక్కువ వాల్యూమ్‌లో మన చెవి లోతైన శబ్దాల్ని బాగా తక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి విని కిక్ చాలలేదనిపిస్తే ఫేడర్ (వాల్యూమ్ మీట) ముట్టుకోకుండా, అదే వాల్యూమ్‌లో ఒక రిఫరెన్స్ ట్రాక్ (పోల్చుకోవడానికి పెట్టుకునే వేరే పాట) పక్కన పెట్టి వినేవాణ్ని. అది కూడా అంతే నీరసంగా వినిపిస్తే ఇక టెన్షన్ లేదు. కిక్ పీక్‌ని మైనస్ 8 డీబీ దగ్గర కట్టేసి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దాను. చివర్లో ఒక సాఫ్ట్ క్లిప్పర్‌తో పీక్ రెండు డీబీ కోశాను, చెవికి తేడా తెలియలేదు. అంతే పని లిమిటర్‌తో (హద్దు దాటబోయే శబ్దాన్ని వాల్యూమ్ తగ్గించి ఆపేది) చేయిస్తే క్లిక్ మెత్తబడింది.

మళ్లీ గోడౌన్‌కి వెళ్తే అన్న "ఇప్పుడు కొడ్తుంది" అన్నాడు, ఆ వెంటనే ఇంకో రెండు డీబీ అడిగాడు. స్ట్రీమింగ్‌కి వెళ్లే మాస్టర్‌లో (తుది కాపీలో) ఇవ్వలేదు. స్పాటిఫై లాంటివి మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (పాట మొత్తం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తెచ్చే వినిపిస్తాయి, గట్టిగా నొక్కి పంపితే తిరిగి తగ్గించేస్తాయి. ఆయన కోసం వేరే ఎక్స్‌పోర్ట్ చేసిచ్చాను: ఇంట్రో పొడుగు, క్లిప్పర్ ఇంకాస్త గట్టిగా, డప్పు క్లిక్ ఒక డీబీ ఎక్కువ. రోడ్డు మీద జనరేటర్ హోరులో, పటాకుల మధ్యలో ముందు వినపడాల్సింది ఆ క్లిక్కే.