అరువు ఇంజను

మోంథా తుపాను వెళ్ళిన అయిదో రోజు. కోనసీమలో మా చేలో నీళ్ళు తోడాలంటే ఆయిల్ ఇంజను పక్క ఊరి బావగారిది. ఇస్తానన్నారు, పాపం ఇచ్చారు కూడా, కానీ తన చేలో నీళ్ళు తీశాకే. ఈలోగా మా పడిపోయిన వెన్నుల్లో తెల్లటి మొలకలు.

సాయంత్రం గట్టు మీద కూర్చుని ఫోన్‌లో శ్రీహరికోట లైవ్ చూశాను. నౌకాదళం కోసం 4,410 కిలోల సీఎంఎస్-03 సమాచార ఉపగ్రహాన్ని మన ఎల్‌వీఎం3 రాకెట్టు ఎత్తుకెళ్ళింది. 2013లో నౌకాదళం పాత ఉపగ్రహం జీశాట్-7ని ఫ్రెంచ్ గయానా నుంచి యూరప్ రాకెట్టు ఏరియాన్-5 మీద పంపాం. ఆ 2,650 కిలోలు మోసే రాకెట్టు అప్పట్లో మనకు లేదు. యూరప్ వాళ్ళు స్నేహితులే, అయినా వంతు చెప్పేది వాళ్ళేగా! జర్మనీ సైన్యం నిఘా ఉపగ్రహం సారా-1 కూడా 2022లో అమెరికా ఫాల్కన్-9 మీదే వెళ్ళింది. అంత డబ్బున్న దేశానికీ అదే గతి.

బావగారి మీద కోపం లేదు. ఇంజను రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. డీజిల్ మాదే.