తాళం నా జేబులో, బండి బావ చేతిలో

మా బావ డుకాటీ స్ట్రీట్‌ఫైటర్ వీ4 బైకు కొన్న రోజు నుంచి నా బండి నాకే పాతదిగా కనిపించడం మొదలైంది. అంతకుముందు మూడేళ్లు, నా కేటీఎం 1290 సూపర్ డ్యూక్ ఆర్‌ని మించింది లేదని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకు తిరిగినవాణ్ని. కంపెనీ దానికి పెట్టుకున్న ముద్దు పేరే ‘బీస్ట్’. 180 హార్స్‌పవర్. చాలదా అంటే చాలు. కానీ పక్కన 208 హార్స్‌పవర్ బండి వచ్చి నిలబడి, దాని డ్రై వెయిట్ (పెట్రోలు, నూనెలు పోయక ముందు బరువు) కూడా మనదానికంటే 9 కిలోలు తక్కువని తెలిశాక మనసు ఊరుకోదు.

“నోటితో ఎన్నాళ్లు కొట్టుకుంటాం బామ్మర్దీ? రెండు రోజులు సెలవు పెట్టు. ఒకే రోడ్డు మీద రెండూ నడుపు. అప్పుడు మాట్లాడు” అన్నాడు బావ. నేను లోపల ఇంకో లెక్క వేసుకున్నాను. ఆయన బండి నచ్చిందా, నాది అమ్మకానికి పెట్టేయడమే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

మొదటి రోజు పొద్దున ఎవరి బండి మీద వాళ్లం. మధ్యాహ్నం దాకా మైదానంలో హైవే, ఆ తర్వాత ఘాట్ రోడ్డు, రాత్రికి కొండ మీద బస, మర్నాడు అదే దారిన దిగడం. ఇలాంటి బండ్ల మీద సామాను పెట్టుకునే చోటంటూ ఉండదు. వెనక సీటు ఉందంటే ఉంది, అంతే. దాని మీద ఒక చిన్న సంచి తాడుతో బిగించి, మిగతాది వీపున వేసుకున్నాం. గంట తిరక్కుండానే నా సంచి ఒక పక్కకి ఒరిగింది. అది నేను కట్టిన తీరు.

హైవే మీద మాత్రం రెండు బండ్లూ ఒకటే అనిపించాయి. ఎందుకంటే అక్కడ నడిపేది ఇంజన్ కాదు, గాలి. ముందు అద్దం లేదు, పక్కల గాలిని తప్పించే ఫెయిరింగ్ తొడుగు లేదు. నూటికి కొంచెం అటూ ఇటూ ఉన్నంతసేపు హాయిగానే ఉంటుంది, గాలి గుండెల కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టుగా ఒంటి బరువు మణికట్ల మీద నుంచి దిగిపోతుంది. అక్కడి నుంచి ఇంకో ముప్పై పెంచితే అదే గాలి మెడ పట్టుకుని వెనక్కి లాగుతుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలు, దాన్ని చీల్చుకుని పోవడానికి కావలసిన పవర్ ఎనిమిదింతలు. ఆ మాట పుస్తకంలో చదివితే లెక్క. ఇలా తొడుగు లేని నేకెడ్ బండి మీద మాత్రం మెడనొప్పి.

బావ బండికి రెండు పక్కలా రెండు అంతస్తుల రెక్కలున్నాయి. గంటకు 270 కిలోమీటర్ల దగ్గర అవి 28 కిలోల బరువుతో బండిని నేలకు అదుముతాయని డుకాటీ చెబుతుంది. మేం పోతున్నది తొంభైలో, అంటే ఆ వేగంలో మూడో వంతు. అదుము మాత్రం తొమ్మిదో వంతుకి పడిపోతుంది. ఓ మూడు కిలోలు. ఒక చోట ఆగినప్పుడు ఈ లెక్క చెప్పి, “రెండు హెల్మెట్లు వేలాడదీసినా అంతే కదా బావా” అన్నాను. “చూడ్డానికి బాగున్నాయా లేదా?” అన్నాడు. బాగున్నాయి. కాదని ఎలా అంటాను?

కొండ మొదట్లో బండ్లు మార్చుకున్నాం. నాది స్టార్ట్ చేసి, గేర్లు ఎలా పడతాయో చూపించి, దిగి ఆయన చేతికిచ్చాను. ఆయన తాళం వీ4కే ఉంది. ఎక్కి, ముందు నేను కదిలాను. ఇక్కడ ఒక తప్పు జరిగింది. అదేంటో ఇంకో అరగంటకు గాని తెలియలేదు.

వీ4 సీటు నాదానికంటే ఒక సెంటీమీటరే ఎత్తు, 845 మిల్లీమీటర్లు. కానీ కూర్చున్న తీరు వేరు. ముందు చక్రానికి బాగా దగ్గరగా, దాని మీదికే వంగి కూర్చున్నట్టుంటుంది. ఇంజన్ చప్పుడు ఇంకా వేరు. 1,103 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 276 సీసీకి మించదు. డుకాటీ వాళ్లు వాటిని సమానమైన ఎడంతో పేల్చరు. ఒక జత దగ్గర దగ్గరగా పేలి, కాస్త ఆగి, రెండో జత పేలుతుంది. దీనికి ట్విన్ పల్స్ అని పేరు. తక్కువ వేగంలో వింటే నాలుగు సిలిండర్ల బండి అనిపించదు, తొందరలో ఉన్న ట్విన్, అంటే రెండు సిలిండర్ల బండి అనుకుంటాం.

మొదటి అయిదారు మలుపులు నాకు నిరాశే మిగిల్చాయి. ఫస్ట్ గేర్ పొడుగు, అంటే మెల్లగా పోవడం దానికి రాదు. హెయిర్‌పిన్ మలుపులో వేగం బాగా పడిపోతే క్లచ్‌ని అర అంగుళం పట్టి నడపాల్సి వచ్చింది. అయిదు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) లోపల బండి పెద్దమనిషి తరహాగా ఉంది. అడిగింది ఇస్తుంది, అడగనిది ఇవ్వదు. 208 గుర్రాలూ ఎక్కడున్నాయా అనుకున్నాను.

మలుపులో వంచడం మాత్రం వేరే లోకం. ఈ ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, బండి చక్రాలు తిరిగే దిక్కుకి ఎదురు దిక్కులో తిరుగుతుంది. తిరిగే చక్రం దాని ఒరవడిలోనే నిలబడాలని చూస్తుంది, ఈ ఎదురు తిరుగుడు ఆ మొండితనంలో కొంత కొట్టేస్తుంది. చదివినప్పుడు నమ్మలేదు. ఎడమ మలుపు నుంచి కుడి మలుపులోకి బండిని తిప్పినప్పుడు తెలిసింది. నా బండిని అలాంటి చోట భుజంతో చెప్పాలి. దీనికి మోకాలితో ఒక సైగ చాలు.

ఆ తర్వాత కొండ నడుమన ఒక తిన్నని దారి దొరికింది. ముందు ఎవరూ లేరు, చివరి దాకా కనిపిస్తోంది. సెకండ్ గేర్‌లోనే ఉంచి మణికట్టు తిప్పేశాను. ఏడు వేలు, ఎనిమిది వేలు, సరే వేగంగానే ఉంది. తొమ్మిది వేలు దాటగానే చప్పుడు గొంతు మార్చుకుంది. గురగుర కాస్తా కేకయింది. హ్యాండిల్ చేతుల్లో తేలికయింది, చూపు సన్నబడింది, రోడ్డు పక్కనున్న రాళ్లన్నీ ఒకటే గీత అయిపోయాయి. నా గుండె ఎక్కడుందో నాకు తెలియలేదు. మూడు సెకన్లో, నాలుగో. తర్వాత మలుపు వచ్చేసింది, బ్రేక్ పట్టాను. 330 మిల్లీమీటర్ల డిస్కులు, వాటిని బిగించి పట్టే బ్రెంబో స్టైలెమా క్యాలిపర్లు. వేగం అక్కడికక్కడే ఆవిరైపోయింది.

ఆగి గాలి పీల్చుకుంటే గాని లెక్క గుర్తు రాలేదు. ఆ ఇంజన్ గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 123 న్యూటన్ మీటర్లు, అదీ 11,500 ఆర్‌పీఎం దగ్గర. పవర్ శిఖరం 12,750 దగ్గర. నేనింకా అక్కడికి చేరనే లేదు.

అక్కడే ఆగి బావ కోసం చూశాను. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, ఎవరూ రారు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పడ్డాడేమో అన్న భయంతో బండి తిప్పి కిందికి వచ్చాను. ఏడెనిమిది మలుపుల కింద, పిట్టగోడ మీద హెల్మెట్ పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా బండి చక్కగా స్టాండ్ మీద ఉంది.

“ఏమైంది బావా?”

“నీ బీస్ట్‌కి నేను నచ్చలేదు. ఫొటో తీద్దామని ఆపాను. మళ్లీ స్టార్ట్ అవ్వనంటోంది.”

నా చెయ్యి దానంతటదే జాకెట్ లోపలి జేబులోకి వెళ్లింది. సూపర్ డ్యూక్‌కి తాళం పెట్టి తిప్పే పని లేదు. రిమోట్ తాళం జేబులో ఉంటే చాలు, బండి గుర్తుపడుతుంది. కింద స్టార్ట్ చేసింది నేను, తాళం నాతోనే కొండెక్కింది. నడుస్తున్న ఇంజన్‌ని ఆపడం ప్రమాదం కాబట్టి బండి నడవనిచ్చింది. ఆపాక మళ్లీ లేవలేదు. “డాష్ మీద ఏదో ఎర్రగా వచ్చింది, మలుపులో ఉన్నాను, చూడలేదు” అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మేం ఇలా వాదించుకుంటున్నంతసేపూ వీ4 పక్కనే ఐడిల్‌లో ఉంది. ఉన్నట్టుండి చప్పుడు సగమైంది. ఇంజన్ వేడి మీద ఉండి బండి నిలబడితే వెనక రెండు సిలిండర్లూ నిద్రపోతాయి, కూర్చున్నవాడి తొడలకు సెగ తగ్గాలని. “అదిగో, నీ గోల వినలేక అది కూడా సగం కళ్లు మూసుకుంది” అన్నాడు బావ. అప్పుడు నవ్వాడు.

నా బండి ఎలా ఉందని రాత్రి అడిగాను. ఆయన జవాబు ఒక్క ముక్కే: “మూడో గేర్‌లో వేశాను, మర్చిపోయాను.” నాకు అదే మూడేళ్లుగా నోటికి రాని మాట. 1,301 సీసీ, రెండే సిలిండర్లు, ఒక్కో పిస్టన్ 108 మిల్లీమీటర్ల వెడల్పు, చిన్న పళ్లెమంత. గరిష్ఠ టార్క్ 140 న్యూటన్ మీటర్లు, 8,000 దగ్గరే. ఘాట్ రోడ్డు మీద మనిషి ఇంజన్‌ని ఎక్కువగా తిప్పేది నాలుగు వేలకీ ఏడు వేలకీ నడుమ. నా బండి కాపురం ఉండేది అక్కడే. బావ బండి అసలు కాపురం దానికి పై అంతస్తులో.

మర్నాడు తెల్లారేసరికి వాన. ఎవరి బండి వాళ్లం ఎక్కాం. నేను రెయిన్ మోడ్ పెట్టుకున్నాను, బావ స్ట్రీట్ మోడ్‌లో ఉంచాడు. టైరు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ రెండిటికీ ఉంది, బండి ఎంత వంగిందో కొలిచి దాన్నిబట్టి పవర్ కోసే రకం. అయినా తడి రోడ్డు మీద చేతికి ధైర్యం ఇచ్చేది కంప్యూటర్ కాదు. థ్రాటిల్ వెంట్రుకవాసి తెరిస్తే వెనక టైరు ఏం చేస్తుందో ముందుగా తెలియడం. పెద్ద సిలిండర్ ఒక్కో దెబ్బా సీటు కింద లెక్కపెట్టుకునేలా తగులుతుంది. వేగం బాగా తగ్గినప్పుడు పై గేర్‌లో ఉంటే చెయిన్ ఎగిరెగిరి పడుతుంది, అది ఇంత పెద్ద ట్విన్‌తో కాపురం చేసేవాళ్లకి అలవాటే, ఒక గేర్ తగ్గిస్తే సర్దుకుంటుంది. వానలో ఆ కొండ మొత్తం నేను రెండో గేర్, మూడో గేర్ తప్ప ఇంకోటి వాడలేదు. ఒక మలుపులో ఇసుక మీద వెనక చక్రం జారింది. చూసుకోకుండా ఎక్కువ తెరిచింది నేనే. బండి కొంచెం తోక ఊపి మళ్లీ గీతలోకి వచ్చింది.

కిందికి దిగేసరికి వాన ఆగింది. రెండు ట్యాంకులూ 16 లీటర్లే, కానీ రిజర్వ్ లైటు ముందు వెలిగింది బావ బండికి. నింపుకునేటప్పుడు నా లోపలి లెక్క ఆయనకు చెప్పేశాను. అమ్మాలనుకున్నాననీ, ఇప్పుడు అమ్మననీ.

“తెలుసు. నిన్న సాయంత్రం నీ మొహం చూసి కొనేస్తావనుకున్నా. పొద్దున నువ్వు దిగిన తీరు చూశాక కొనవని అర్థమైంది” అన్నాడు.

ఎదురుగా హైవే ఆరిపోయి, ఖాళీగా, తిన్నగా ఉంది. తొమ్మిది వేల దగ్గర మారిన ఆ గొంతు చెవిలోంచి ఇంకా పోలేదు.

“బావా, ఒక్క పది కిలోమీటర్లు...”

ఆయన వీ4 మీద నుంచి దిగాడు. తాళం దానికే వదిలేసి, నా ముందుకు వచ్చి, కుడిచెయ్యి చాపి నిలబడ్డాడు.

“ముందు నీ జేబులోది ఇటివ్వు.”