కాంక్‌లో ఒక సాయంత్రం
దక్షిణ ఫ్రాన్స్‌లో, అవేరోన్ కొండవాలుకు అతుక్కున్నట్టుండే చిన్న ఊరు కాంక్. ఇళ్ల కప్పులన్నీ చేప పొలుసుల్లా పేర్చిన రాతిపలకలు. వీధులన్నీ ఎక్కడమో దిగడమో, మోకాళ్లు పట్టేశాయి!

ఊరికి పేరొచ్చింది ఒక దొంగతనం వల్లనట. 866లో ఇక్కడి సన్యాసి ఒకాయన క్రైస్తవ విశ్వాసం కోసం చిన్నతనంలోనే ప్రాణాలిచ్చిన సెయింట్ ఫ్వా అనే అమ్మాయి అస్థికల్ని ఆజాన్ పట్టణం నుంచి ఎత్తుకొచ్చాడు. తర్వాత స్పెయిన్‌లోని పుణ్యక్షేత్రం సాంటియాగోకి నడిచెళ్లే యాత్రికులు ఇక్కడ ఆగడం మొదలుపెట్టారు.

చర్చి గుమ్మం పైన 124 బొమ్మలతో అంతిమ తీర్పు చెక్కారు. స్వర్గం వైపు అందరూ బుద్ధిగా నిలబడ్డారు. అసలు సందడంతా నరకం వైపే. మెడలో డబ్బుసంచితో వేలాడుతున్న పిసినారి దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

లోపల కిటికీలకు రంగుల్లేవు, 1994లో చిత్రకారుడు పియెర్ సూలాజ్ పెట్టించిన పాలరంగు గాజు. ఇంతేనా అనుకున్నా. ఎండ వాలాక అదే గాజు లేత నారింజకి తిరిగింది. అంతలో మావాడు ఆకలంటూ చెయ్యి లాగాడు.