720720 ఒక్కటి విప్పినాక నంబర్ సిస్టమ్ భయం పోయింది

ఫ్రెండ్స్, రైల్వే ఎన్‌టీపీసీ ఉద్యోగాల పరీక్ష రిజల్ట్ వచ్చింది, లిస్ట్‌లో నా నంబర్ ఉంది!! నిన్నటి నుంచి ఒకటే ఫోన్లు, ఏ బుక్ చదివినావు, ఎక్కడ కోచింగ్ అని. జనరల్ స్టడీస్, రీజనింగ్ అందరూ చదివినట్టే చదివినా, వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. లెక్కల్లో నంబర్ సిస్టమ్ గురించి మాత్రం చెప్పాల.

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో మాతో చదివే అన్న ఒకాయన ఓ రోజు టీ తాగుతా పేపర్ మీద 720720 అని రాసి, దీన్ని ప్రైమ్ ఫ్యాక్టర్లుగా పూర్తిగా విప్పు, అయినాకే ఇంకో లెక్క అన్నాడు. నేను 2తో కొట్టి మళ్లీ 2తో కొడతా ఉంటే ఆపి, "ఏందిరా, 720 పక్కన 720 కదా, అంటే 720 ఇంటూ 1001" అన్నాడు. 1001 అంటే 7×11×13. 720 నోటికి వచ్చేదే, 2 పవర్ 4, 3 స్క్వేర్, 5. అర నిమిషం కూడా పట్టలా. మూడంకెలు రెండుసార్లు వచ్చే ఏ నంబరైనా, 358358 అయినా సరే, 7, 11, 13తో పోతుందని చూడకుండా టిక్ పెట్టేయొచ్చు.

ఆ సాయంత్రమంతా దాంతోనే కూర్చున్నా. పవర్లకి ఒక్కోటి కలిపి గుణిస్తే 5×3×2×2×2×2, మొత్తం 240 ఫ్యాక్టర్లు. బేసివి కావాలంటే 2ని పక్కన పెట్టు, 48. పర్ఫెక్ట్ స్క్వేర్ చేయాలంటే జత లేని 5, 7, 11, 13 ఇంకోసారి కావాల, అంటే 5005తో గుణించాల, 60060 స్క్వేర్ వస్తాది. 1 నుంచి 16 దాకా అన్నిటి క.సా.గు. కూడా ఇదే, కాబట్టి 2 నుంచి 16 దాకా దేంతో భాగించినా 1 మిగిలే చిన్న నంబర్ (1 కాకుండా) 720721. తిరకాసు ఏందంటే 720720 17తో పోదు, 5 మిగులుతాది, కానీ 18తో పోతాది. 24 దాకా చూస్తే 17, 19, 23 మాత్రమే మొండికేస్తాయి. మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా చేసిన రామానుజన్ 1915లో ఇట్లాంటి నంబర్ల మీదే పెద్ద పేపర్ రాసినాడు, తన కంటే చిన్న ఏ నంబర్‌కీ లేనన్ని ఫ్యాక్టర్లు ఉండేవి అన్నమాట, 720720 ఆ జాతిదే. ఇది ఎగ్జామ్‌కి అక్కర్లేదు, ఊరికే చెప్తా ఉన్నా.

రూమ్‌లో వాళ్లు నవ్వినారు, వీడు ఒక్క నంబర్ పట్టుకుని జపం చేస్తా ఉన్నాడని. వాళ్లు రోజుకో మాక్ టెస్ట్ రాసి స్కోర్ స్టేటస్ పెట్టేవాళ్లు. నేను మాక్‌లు తక్కువే రాసినా, అది తప్పని ఇప్పటికీ అనుకోను. సీబీటీ 2లో, అంటే రెండో దశ కంప్యూటర్ పరీక్షలో, 90 నిమిషాలకి 120 ప్రశ్నలు, మూడు తప్పులకి ఒక మార్కు గోవిందా, అక్కడ ఎన్ని మాక్‌లు రాసినావని ఎవరూ అడగరు. పొద్దున్నే లేవండి, ఫోన్ స్విచాఫ్ చేసి బ్యాగులో పడేయండి, లీలామహల్ సర్కిల్ దాకా టీకి పోయేది తగ్గించండి, ఆ గంటలో ఒక నంబర్ విప్పొచ్చు.

ఈరోజుకి 510510 తీసుకోండి. 128 ఫ్యాక్టర్లు రావాల. 64 వచ్చిందంటే ఏదో ఒక ప్రైమ్‌ని, బహుశా 17ని, ఎక్కడో వదిలేసినారు.